ఆట ఒక్కటే... పెట్టెకో తీరు!

అదే గేమ్‌. అదే ధర. అన్న ఇంట్లో అద్దంలా మెరుస్తుంది. తమ్ముడి ఇంట్లో ఆగి ఆగి నడుస్తుంది. తప్పు పెట్టెదా? తయారుచేసినవాళ్లదా? కొన్నవాళ్లదా? ముప్ఫై ఏళ్లుగా ప్రపంచమంతా సాగుతున్న ఈ పేచీని తేల్చాలంటే అడగాల్సిన ప్రశ్నలు నందిగామ, జగ్గయ్యపేట రైతులకు ఎప్పుడో తెలుసు.

సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాద్‌ నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. జగ్గయ్యపేట దగ్గర కొన్ని, నందిగామ దగ్గర కొన్ని పక్క ఊళ్లలోకి మళ్లుతాయి. కొత్త బట్టల సంచులతోపాటు పిల్లల గేమ్‌ పెట్టె కూడా దిగడం ఇప్పుడు వింతేమీ కాదు. ముక్కనుమ నాటికి ఎక్కడో ఒక ఇంట్లో గొడవ మొదలవుతుంది. పెదనాన్న కొడుకు తెచ్చిన పెట్టెలో ఆట నున్నగా సాగుతుంది. ఇంట్లో ఉన్న పెట్టెలో అదే ఆట మసకగా, తడబడుతూ కనిపిస్తుంది. 'నాన్నా, నువ్వు కొన్నది డొక్కుది' అని పిల్లాడు. 'అంత డబ్బు పోసి కొంటే ఇంకా డొక్కంటావా' అని తండ్రి. 'ఆ షాపువాడు పాతది అంటగట్టుంటాడు' అని తల్లి. ఇంతమందిని అనుమానించారు గానీ, అసలు బాధ్యులెవరూ ఆ ఇంట్లో గానీ, ఆ ఊళ్లో గానీ లేరు!

చివరి చేను న్యాయం

ఈ పేచీ ఆ ప్రాంతానికి కొత్తది కాదు. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట, 2022 ఏప్రిల్‌ నుంచి ఎన్టీఆర్‌ జిల్లా అయిన ఈ నేలకు నాగార్జునసాగర్‌ ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం దాటి వస్తుంది. డ్యాములో వదిలేది ఒకే నీరు. ఎగువ చేనుకు అందినట్టు చివరి చేనుకు అందదు. అలాగని చివరి రైతు దగ్గరకెళ్లి 'నీ చేనే మంచిది కాదు' అంటే ఊరుకుంటాడా? మూడు ప్రశ్నలు వేస్తాడు. కాలువ ఇలా తవ్విందెవరు? తూము దగ్గర నీళ్లు పంచిందెవరు? నీళ్లు చాలవని తెలిసీ నాట్లు వేసుకోమని చెప్పిందెవరు?

గేమ్‌ పెట్టెల విషయంలోనూ అడగాల్సినవి ఈ మూడే. కాలువ తవ్వింది పెట్టె తయారుచేసిన కంపెనీ. నీళ్లు పంచేది గేమ్‌ తయారుచేసే బృందం. నాట్లు వేసుకోమనేది ఆ గేమ్‌కు విడుదల తేదీ పెట్టి అమ్మే సంస్థ.

పెనం చిన్నదైతే...

టీవీకి తగిలించి ఆడుకునే ఈ పెట్టెను కన్సోల్‌ అంటారు. సోనీ వారి ప్లేస్టేషన్‌, మైక్రోసాఫ్ట్‌ వారి ఎక్స్‌బాక్స్‌, నింటెండో వారి స్విచ్‌... ఇవే ప్రధానమైనవి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. అవి ముందే తీసిపెట్టినవి. గేమ్‌లో అలా కాదు. పిల్లాడు మీట నొక్కాకే తర్వాతి బొమ్మ పుడుతుంది. సెకనుకు 30 బొమ్మలు కావాలంటే ఒక్కోదాన్ని 33 మిల్లీ సెకన్లలో గీసెయ్యాలి. 60 కావాలంటే గడువు అందులో సగమే. బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలన్నది ఇంకో లెక్క. 1080 వరసల బొమ్మలో 20 లక్షలకు పైగా చుక్కలుంటాయి. 720 వరసల బొమ్మలో అవి 9 లక్షల పైచిలుకే.

టిఫిన్‌ సెంటర్లో పెనం చిన్నదైతే దోసెలు వేసేవాడికి రెండే దారులు. దోసె సైజు తగ్గించాలి. లేదంటే వచ్చినవాళ్లను కాసేపు నిలబెట్టాలి. కన్సోల్‌ పనీ అంతే. చుక్కలు తగ్గిస్తే బొమ్మ మసకబారుతుంది. తగ్గించకపోతే ఆట తడబడుతుంది. నాలుగు రకాల పెట్టెలకు ఒకే గేమ్‌ తయారుచేసేవాళ్లు ప్రతి పెట్టెకూ ఈ బేరం విడిగా కుదుర్చుకోవాలి.

బలముండీ బోల్తా

పెట్టె బలహీనమైతేనే బొమ్మ చెడుతుందనుకుంటే పొరపాటే. సోనీ 2006 నవంబరులో తెచ్చిన ప్లేస్టేషన్‌ 3 కథ వింటే సంగతి తెలుస్తుంది. 2007లో మన దేశానికి వచ్చినప్పుడు దాని ధర దాదాపు 40 వేల రూపాయలు. లోపల సోనీ, తోషిబా, ఐబీఎం కలిసి తయారుచేసిన సెల్‌ అనే ప్రాసెసర్‌. కాగితం మీద దాని శక్తి అపారం. కానీ పాత గేమ్‌లు ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది... రెండు పెట్టెల్లోనూ వచ్చిన చాలా గేమ్‌లు అంతకు ఏడాది ముందే వచ్చిన ఎక్స్‌బాక్స్‌ 360లోనే బాగుండేవి.

ఎందుకలా? మిరప కోతల సంగతి తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎక్స్‌బాక్స్‌ 360లో పని తెలిసిన మేస్త్రులు ముగ్గురు. ఎవరి సాలు వాళ్లు చూసుకుంటారు. ప్లేస్టేషన్‌ 3లో ఉన్నది ఒకే మేస్త్రి. గేమ్‌ల కోసం కేటాయించిన కూలీలు ఆరుగురు. మెరుపు వేగమే గానీ, ఒక్కొక్కరి చేతిలో ఉన్నది చిన్న బుట్ట. అందులో పట్టేది 256 కిలోబైట్లే. ఎవరి బుట్టలో ఏం వేయాలో, నిండాక ఎక్కడ దించాలో ముందే రాసిపెట్టకపోతే ఆరుగురూ గట్టు మీద కూర్చుంటారు. జ్ఞాపకశక్తి విషయంలోనూ తేడానే. ఎక్స్‌బాక్స్‌లో 512 మెగాబైట్లు ఒకే పెద్ద హాలు. ప్లేస్టేషన్‌లోనూ మొత్తం అంతే, కానీ 256 చొప్పున రెండు గదులు. ఒక గది నిండి రెండోది ఖాళీగా ఉన్నా సామాను సర్దడం కష్టమే.

ఇది సోనీకి తెలియక జరిగింది కాదు. వాడుకోవడానికి తేలికైన పెట్టె తయారుచేయడం తమ పద్ధతి కాదని, శక్తంతా మొదటిరోజే ఖర్చయిపోతే తర్వాతి ఏళ్లకు ఏం మిగులుతుందని ఆ విభాగం అధిపతి కజువో హిరాయ్‌ 2009లో ఒక పత్రికతో అన్నారు. అంతకుముందు 1994లో సెగా కంపెనీ తెచ్చిన శాటర్న్‌దీ ఇదే దారి. రెండు ప్రాసెసర్లు పెట్టారు. రెండింటినీ సరిగా వాడుకోవడం చాలామందికి చేతకాలేదు. అదే ఏడాది వచ్చిన మొదటి ప్లేస్టేషన్‌ మీద పని తేలిక కావడంతో గేమ్‌లు అటే మొగ్గాయి.

మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. కాలువ వంకరగా తవ్వినవాడికి బాధ్యత ఉంది. కానీ మొత్తం బాధ్యత అతనిదేనా?

తూము దగ్గర ఎవరు?

కాదనడానికి సాక్ష్యం బయొనెటా. ప్లాటినం గేమ్స్‌ అనే జపాన్‌ సంస్థ దీన్ని ఎక్స్‌బాక్స్‌ 360 కోసం స్వయంగా తయారుచేసింది. ప్లేస్టేషన్‌ 3కు మార్చే పని మాత్రం అమ్మకందారైన సెగా చేతిలో పడింది. 2009లో విడుదలయ్యాక చూస్తే ఒకదానిలో కత్తిలా సాగిన ఆట రెండోదానిలో కుంటింది. తమ అతి పెద్ద వైఫల్యం ఆ ప్లేస్టేషన్‌ 3 ప్రతేనని ప్లాటినం పెద్దలే తర్వాత ఒప్పుకున్నారు.

వాల్వ్‌ అనే అమెరికా సంస్థ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. దాని అధిపతి గేబ్‌ న్యూవెల్‌ 2007లో ప్లేస్టేషన్‌ 3 అందరి సమయం వృథా చేసే పెట్టె అని తిట్టిపోశారు. అదే ఏడాది తమ ఆరెంజ్‌ బాక్స్‌ను ఆ పెట్టెకు మార్చే పనిని ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌కు వదిలేశారు. ఫలితం అంతంతమాత్రం. మూడేళ్లు తిరిగేసరికి 2010లో ఆయనే సోనీ వేదిక మీదకొచ్చి పోర్టల్‌ 2ను అదే పెట్టెకు ప్రకటించారు. పెట్టె మారలేదు. మనసు పెట్టి పనిచేసే బృందం మారింది.

ఈలోగా బర్నౌట్‌ పారడైజ్‌ అనే కారు పందేల గేమ్‌ 2008లో రెండు పెట్టెల్లోనూ దాదాపు సమానంగా వచ్చింది. దాని తయారీదారులు కష్టమైన ప్లేస్టేషన్‌ 3 దగ్గరే పని మొదలుపెట్టడం కలిసొచ్చింది. మెట్టకు ముందు నీళ్లెక్కిస్తే పల్లానికి ఎలాగూ చేరతాయి కదా!

తిరగబడ్డ కాలం

2013 నవంబరులో కొత్త తరం పెట్టెలు వచ్చాయి. కథ అడ్డం తిరిగింది. సోనీ పాఠం నేర్చుకుంది. ప్లేస్టేషన్‌ 4లో 8 గిగాబైట్ల వేగమైన జ్ఞాపకశక్తిని ఒకే హాలుగా పెట్టింది. ధర 399 డాలర్లు. మైక్రోసాఫ్ట్‌ తన ఎక్స్‌బాక్స్‌ వన్‌కు కినెక్ట్‌ అనే కెమెరా తగిలించి 499 డాలర్లు పెట్టింది. బొమ్మలు గీసే శక్తిలో కొంత ఆ కెమెరా కోసం పక్కన పెట్టింది. కాల్‌ ఆఫ్‌ డ్యూటీ: ఘోస్ట్స్‌ ప్లేస్టేషన్‌ 4లో 1080 వరసలతో వస్తే, వంద డాలర్లు ఎక్కువ పోసి కొన్న ఎక్స్‌బాక్స్‌ వన్‌లో 720కే ఆగింది. 2014లో కెమెరా లేని పెట్టెను మార్కెట్లోకి తెచ్చి, పక్కనపెట్టిన శక్తిని గేమ్‌లకు విడిచిపెట్టాల్సి వచ్చింది.

అయితే రెండు పెట్టెల్లోనూ సమానంగా చూపిస్తే గొడవ వదులుతుందా? అదీ లేదు. 2014లో యూబీసాఫ్ట్‌ తన అసాసిన్స్‌ క్రీడ్‌ యూనిటీని రెండింటిలోనూ 900 వరసలకే పరిమితం చేస్తున్నట్టు చెప్పింది. లేనిపోని వాదనలు రాకుండా ఉండటానికేనని ఆ బృందంలో ఒకరు అన్నారు. 'మా పెట్టె శక్తిని ఎందుకు తగ్గించారు' అంటూ ప్లేస్టేషన్‌ వాళ్లు విరుచుకుపడ్డారు. దేని కోసమూ తగ్గించలేదని సంస్థ తర్వాత వివరణ ఇచ్చుకుంది. తీరా నవంబరులో గేమ్‌ వస్తే రెండింటిలోనూ లోపాలే! క్షమాపణ చెప్పక తప్పలేదు.

బలమైన పెట్టె ఉంటే చాలనుకునేవాళ్లకు 2015 జూన్‌లో ఇంకో దెబ్బ తగిలింది. బ్యాట్‌మన్‌: ఆర్కమ్‌ నైట్‌ కన్సోళ్లలో చక్కగా నడిచింది. అంతకన్నా ఖరీదైన కంప్యూటర్లలో మాత్రం మొరాయించింది. కంప్యూటర్‌ ప్రతిని బయటి సంస్థ చేతికిచ్చారు. అమ్మకాలు ఆపేసి, నాలుగు నెలల తర్వాత అక్టోబరులో మళ్లీ తెచ్చారు. యంత్రం ఎంత బలమైనదైనా దాని కోసం పనిచేసే చేతులు చాలకపోతే ఇంతే.

తెలిసీ నాట్లు వేయించిందెవరు?

ఇక మూడో ప్రశ్న. దీనికి సైబర్‌పంక్‌ 2077ను మించిన ఉదాహరణ లేదు. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్‌ ఏళ్ల తరబడి ఊరించిన గేమ్‌ ఇది. 2020 ఏప్రిల్‌లో రావాల్సింది సెప్టెంబరుకు, నవంబరుకు, చివరికి డిసెంబరు 10కి జరిగింది. ముందుగా డబ్బు కట్టినవాళ్లే 80 లక్షల మంది. పాత పెట్టెల్లో ఆశ్చర్యపోయేంత బాగా నడుస్తోందని విడుదలకు కొద్దిరోజుల ముందు సంస్థ పెద్దలు మదుపరులకు చెప్పారు. విమర్శకుల చేతికి మాత్రం కంప్యూటర్‌ ప్రతులే ఇచ్చారు. కన్సోల్‌ ప్రతి ఎలా ఉందో కొన్నవాళ్లకు కొన్నాకే తెలిసింది.

ప్లేస్టేషన్‌ 4, ఎక్స్‌బాక్స్‌ వన్‌... రెండూ 2013 నాటి పెట్టెలు. వాటిలోని హార్డ్‌డిస్కు నెమ్మదైనది. కిక్కిరిసిన నగరంలో వేగంగా కారు నడిపే ఆట అది. వీధి మలుపు తిరిగేలోపు తర్వాతి వీధి బొమ్మలు డిస్కు నుంచి రావాలి. రాలేదు. గోడలు మైనం ముద్దల్లా కనిపించాయి. మనుషులు మాయమయ్యారు. ఆట మధ్యలో ఆగిపోయింది. నాలుగో రోజున సంస్థ క్షమాపణ చెప్పింది. పాత కన్సోళ్లలో గేమ్‌ ఎలా ఉందో ముందే చూపించాల్సిందని ఒప్పుకుంది. కొద్దిరోజుల్లోనే సోనీ ఆ గేమ్‌ను తన ఆన్‌లైన్‌ దుకాణం నుంచి తీసేసి, డబ్బు వెనక్కిస్తానంది. అది మళ్లీ అక్కడ కనిపించింది 2021 జూన్‌ 21న.

2021 జనవరిలో సంస్థ వ్యవస్థాపకుడు మార్చిన్‌ ఇవిన్‌స్కీ వీడియోలో వివరణ ఇచ్చారు. ఆటగాళ్లకు ఎదురైన సమస్యల్లో చాలావరకు తమ పరీక్షల్లో బయటపడలేదన్నారు. గేమ్‌ సిద్ధం కాలేదని లోపల పనిచేసేవాళ్లకు తెలుసని ఆ వెంటనే పత్రికలు రాశాయి. అమెరికాలో మదుపరులు వేసిన దావాను సంస్థ 18.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. తర్వాత ఏళ్లపాటు మరమ్మతు చేసి గేమ్‌ను బాగు చేసిన మాటా నిజమే. కానీ 2023లో వచ్చిన దాని పెద్ద కొనసాగింపు భాగం పాత పెట్టెలకు అసలు రాలేదు. మొదటిరోజు నమ్మి కొన్నవాళ్లలో చాలామంది దగ్గరున్నవి ఆ పెట్టెలే!

ఇక్కడ కుర్ర ఇంజినీర్లను బద్ధకస్తులని తిట్టడం ఆటగాళ్లకు అలవాటు. గేమ్‌ ఆడి లోపాలు పట్టుకోవడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. అలాంటి చోట పనిచేసేవాళ్లు లోపం రాసి పైకి పంపగలరు. విడుదల ఆపలేరు. ఆపగలిగినవాళ్లు పై అంతస్తులో ఉంటారు.

చిన్న పెట్టె... పెద్ద షరతు

2020 నవంబరులో మైక్రోసాఫ్ట్‌ రెండు పెట్టెలు ఒకేసారి తెచ్చింది. మన దేశంలో ఎక్స్‌బాక్స్‌ సిరీస్‌ ఎక్స్‌ 49,990 రూపాయలు, సిరీస్‌ ఎస్‌ 34,990. పెద్దదానిలో 16 గిగాబైట్లు, చిన్నదానిలో 10. ఒకదానిలో ఉన్న సౌకర్యం రెండోదానిలోనూ ఉండాలన్నది కంపెనీ నియమం. చిన్న పెట్టె కొన్నవాళ్ల కోసం పెట్టిన మంచి నియమమే. అదే 2023లో మెడకు చుట్టుకుంది. బాల్డర్స్‌ గేట్‌ 3ని ఇద్దరు ఒకే టీవీ మీద సగం సగం తెర పంచుకుని ఆడొచ్చు. అది సిరీస్‌ ఎస్‌లో కుదరలేదు. దాంతో సెప్టెంబరులోనే ప్లేస్టేషన్‌ 5కు వచ్చిన గేమ్‌ రెండు ఎక్స్‌బాక్స్‌లకూ ఆగిపోయింది. హైదరాబాద్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల నడిపే కంపెనీ చివరికి నియమం సడలించింది. తెర పంచుకునే సౌకర్యం లేకుండానే డిసెంబరులో సిరీస్‌ ఎస్‌కు గేమ్‌ వచ్చింది. ఆ సౌకర్యం అందేసరికి 2025 ఏప్రిల్‌ అయింది. ఆలస్యమైందని కోపం రావచ్చు. కానీ ఏది లేదో ముందే చెప్పారు. కొన్నవాడు తెలిసి కొన్నాడు. సైబర్‌పంక్‌కూ దీనికీ ఉన్న తేడా అదే.

నింటెండో స్విచ్‌ సంగతి చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. చేతిలో పట్టుకు తిరిగే ఈ చిన్న పెట్టెకు 2019లో ది విచర్‌ 3 అనే మహా పెద్ద గేమ్‌ వచ్చింది. బొమ్మ మసకే. కానీ అంతటి గేమ్‌ను బస్సులో ఆడుకోవచ్చన్న బేరం అందరికీ అర్థమైంది, మెచ్చుకున్నారు. 2023లో మోర్టల్‌ కోంబాట్‌ 1 అదే పెట్టెకు వచ్చింది. ముఖాలు బొమ్మల కొలువులో రంగు వెలిసిన బొమ్మల్లా ఉన్నాయని నవ్వారు. ధర మాత్రం ప్లేస్టేషన్‌ 5లో ఎంతో ఇక్కడా అంతే... 70 డాలర్లు! మసక బొమ్మ కాదు, మసక బొమ్మకు మంచి బొమ్మ ధర పెట్టడం కోపం తెప్పించింది.

ముప్ఫై ఏళ్ల కథంతా చూస్తే తప్పు ముగ్గురికీ పంచాల్సిందే. వాడటానికి కష్టమైన పెట్టె తయారుచేసినవాడిది ఒక వాటా. ఒక పెట్టె మీద శ్రద్ధ పెట్టి రెండోదాన్ని ఎవరికో వదిలేసినవాడిది ఇంకో వాటా. కానీ బరువైన వాటా మూడోవాడిది. పెట్టె శక్తి ఎంతో అతనికి మొదటిరోజే తెలుసు. గేమ్‌ దానికి సరిపోలేదని చివరిరోజుకైనా తెలుస్తుంది. తెలిసీ నోరు మెదపకుండా అదే ధరకు అమ్మితే అది యంత్రం లోపం కాదు. చివరి చేనుకు నీళ్లు తక్కువ రావడం ఒక కష్టం. వస్తాయని నమ్మించి నాట్లు వేయించడం మోసం.

---

కొనేముందు... కొన్నాక

* గేమ్‌ వీడియోలు చూసేటప్పుడు అవి ఏ పెట్టెలో తీసినవో గమనించాలి. ప్రకటనల్లో కనిపించేవి తరచూ బలమైన కంప్యూటర్‌ బొమ్మలే. మన దగ్గరున్న పెట్టెలో తీసిన వీడియోలు చూశాకే నిర్ణయం.

* ముందుగా డబ్బు కట్టాల్సిన తొందర లేదు. వారం ఆగితే అసలు సంగతి బయటికొస్తుంది. నెలలు ఆగితే మరమ్మతులూ జరుగుతాయి, ధర కూడా తగ్గొచ్చు.

* ఎక్స్‌బాక్స్‌ సిరీస్‌ ఎస్‌లో, డిస్కు డ్రైవ్‌ లేని ప్లేస్టేషన్‌ 5 డిజిటల్‌లో డిస్కులు పట్టవు. సెకండ్‌హ్యాండ్‌ డిస్కులు కొనుక్కుందామనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

* ప్లేస్టేషన్‌ 5లో ప్లేస్టేషన్‌ 4 గేమ్‌లు చాలావరకు నడుస్తాయి. అట్ట మీద ఏ ప్రతి అని ఉందో చదవాలి. కొత్త పెట్టెలో పాత ప్రతి ఆడుతూ బొమ్మ బాగాలేదనుకుంటే తప్పు పెట్టెది కాదు.

* టీవీలో గేమ్‌ మోడ్‌ ఉంటే పెట్టాలి. మీట నొక్కడానికీ తెర మీద కదలడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. గేమ్‌కు వచ్చిన అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేసుకోవాలి.

* ఇవన్నీ చూశాక కూడా ఆట తడబడితే పిల్లాడినో, షాపువాడినో తిట్టే ముందు అదే పెట్టె ఉన్న ఇంకొకరిని అడగాలి. వాళ్లదీ అంతే అయితే లోపం గేమ్‌దే. డబ్బు వెనక్కిచ్చే వీలుందేమో వెంటనే చూసుకోవాలి.